కడ్డీ లేని చక్రాలు

మా చెల్లెలు బొమ్మలు వేస్తోందని మొదటిసారి విన్నప్పుడు నవ్వాను. ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు.

నిమ్‌పురా రైల్వే క్వార్టర్లలో, పరాయి రాష్ట్రంలోని మా తెలుగు వీధికి బొమ్మలంటే నేనే. పెళ్ళిళ్ళకు ముగ్గులు, పూజ మండపాలకు అలంకారాలు, పిల్లలకు డ్రాయింగ్ ట్యూషన్లు, అన్నీ నావే. కాకపోతే నేను వేసినవన్నీ చెరిగిపోయేవే. ముగ్గును తొక్కేస్తారు, మండపాన్ని విప్పేస్తారు, ట్యూషన్ పిల్లల పుస్తకాలు పాత పేపర్లవాడికి పోతాయి. నలుగురూ చూసేచోట ఒక గోడ మీద నా బొమ్మ ఉండిపోవాలని నాకెంత ఆశో ఎవరితోనూ అనలేదు. అనకపోయినా మా చెల్లెలికి తెలుసు. తెలిసే అడ్డొచ్చిందని ఇప్పటికీ నా అనుమానం.

అది యాభై దాటాక, ఫోనులో వీడియోలు చూసి మొదలుపెట్టింది. ఉండేది మా పక్క సందులోనే. బ్రష్షు ఎలా పట్టుకోవాలని నన్నే అడిగింది, నా పాత బ్రష్షులే పట్టుకెళ్ళింది. ఏడాది తిరక్కుండానే మీ చెల్లి చేతిలో ఏదో ఉందని మా ఆయన అన్నారు. ఆ పూట ఆయనకు కూర లేదు, చారే గతి.

మా ఊరి పురీ గేటు దగ్గర కాఫీ షాపు పెట్టిన కుర్రాడు గుంటూరు వైపువాడు. ఇక్కడే ఇంజనీరింగు చదివి, కొన్నాళ్ళు జపానులో ఉద్యోగం చేసి, చదువుకున్న ఊరి మీద మమకారం చావక తిరిగొచ్చాడు. జపానుకు రైలు కొత్తగా వచ్చినప్పుడు అక్కడి చిత్రకారులు ఆ వింతనంతా చెక్క మీద చెక్కి రంగుల బొమ్మలు అచ్చు వేశారట. మనది రైలు ఊరు కదా, ఆ బొమ్మలే తన గోడ నిండా ఉండాలన్నాడు. ప్రింటు తీయిస్తే ఫ్లెక్సీలా ఉంటుంది, చేత్తో వేసినవే కావాలన్నాడు. ట్యూషన్ పిల్ల వాళ్ళమ్మ నా పేరు చెప్పింది. చెల్లెలి పేరు ఏ పుణ్యాత్మురాలు చెప్పిందో తెలియదు. ఇద్దరికీ ఒకే బొమ్మ పంపి, ఎవరిది నచ్చితే గోడంతా వాళ్ళకే అన్నాడు.

ఆ బొమ్మలో సముద్రం ఒడ్డు, ఎర్ర ఇటుకల మేడ, గ్యాసు దీపాల స్తంభాలు, గొడుగులు పట్టిన ఆడవాళ్ళు, కిమోనో మీద దొర టోపీ పెట్టుకున్న ఒక పెద్దమనిషి ఉన్నారు. వాళ్ళందరి ముందూ పొగ వదులుతూ నల్ల ఇంజను. ఆకాశం పైన కుంకుమ రంగులో మొదలై కిందికొచ్చేసరికి తెల్లబడిపోతుంది. ఆ ఎరుపును తెలుపులోకి దించడానికి తడి బ్రష్షుతో నానా తిప్పలు పడ్డాను. సాయంత్రాలు కరివేపాకు నెపంతో చెల్లెలింటికి వెళ్ళేదాన్ని. నేను గుమ్మంలో అడుగుపెట్టగానే అది తన బోర్డును గోడవైపు తిప్పేసేది.

నాకు చివరికి అన్నీ కుదిరాయి, ఇంజను దగ్గరే చెయ్యి ఆగిపోయింది. ఆ జపాను బొమ్మలో చక్రాలున్నాయి, వాటిని కలిపే కడ్డీ లేదు. దేనికది ఎద్దుబండి చక్రంలా విడిగా ఉంది. పాపం ఆ చిత్రకారుడు దగ్గరికెళ్ళి చూశాడో లేదో. మా నాన్న స్టీము షెడ్డులో ఫిట్టరు. చిన్నప్పుడు నేను అన్నం క్యారియరు పట్టుకెళితే, చల్లారిన ఇంజను పక్కన నిలబెట్టి ఆ కడ్డీ మీద నా చెయ్యి వేయించేవారు. ఇదుంటేనే అన్ని చక్రాలూ కలిసి లాగుతాయమ్మా అనేవారు. నా అరచేతికి అంటిన నూనెను పాత గుడ్డతో ఆయనే తుడిచేవారు. అలాంటిది, కడ్డీ లేని ఇంజను నా చేత్తో ఎలా వెయ్యను? వేశాను కడ్డీ. దానికి మెరుపు కూడా పెట్టాను.

కుర్రాడు రెండు బోర్డులూ గోడకు ఆనించి చూశాడు. చెల్లెలి ఆకాశం నాదానికన్నా మెత్తగా దిగింది. అయినా దాని ఇంజనుకు కడ్డీ లేదు కదా అని ధైర్యంగానే ఉన్నాను.

"మీది చాలా బాగుంది ఆంటీ," అన్నాడు. "కానీ బొమ్మలో లేని కడ్డీ వేశారు. నాకు ఉన్నది ఉన్నట్టే కావాలి. రైలును సరిగ్గా చూడకుండానే మురిసిపోయి వేశారు ఆ చిత్రకారులు. ఆ మురిపెమే నాకిష్టం."

ఆ కడ్డీ సంగతి చెప్పబోయాను. పక్కన చెల్లెలు చెవులు రిక్కించడం చూసి నోరు మూసుకున్నాను.

గోడంతా దానికి పోయింది. చిన్నప్పట్నుంచీ ఇదే వరస. పాల మీద మీగడ దానికే, కొత్త పరికిణీ ముందు దానికే, ఆయాసం పిల్ల అని అమ్మ ఒళ్ళో చోటూ దానికే. ఇప్పుడు గోడ. అది అమాయకంగా ముఖం పెట్టుకుని నిలబడితే నాకు ఒళ్ళు మండిపోయింది.

తిరిగొచ్చేటప్పుడు టోటో అనే బ్యాటరీ రిక్షాలో నేను రోడ్డువైపు తిరిగి కూర్చున్నాను. అది నా బోర్డును తన ఒళ్ళో పెట్టుకుని, కడ్డీ మీద వేలుంచి అడిగింది.

"ఇదేటప్పా? ఎందుకేసినావు?"

నేను టోటోవాణ్ణి తొందరగా పోనిమ్మన్నాను.

"నాన్న నిన్నే షెడ్డుకి రానిచ్చీవోరు. పొగ పడదని అమ్మ నన్ను గేటు దాటనిచ్చీది కాదు. నువ్వు సేతులకి నూనె పూసుకుని వొచ్చీదానివి. అది సూసి ఎంత కుళ్ళుకునీదాన్నో నీకు తెల్దు. ఇంజను దగ్గిర్నుంచి ఎలాగుంటాదో నానిప్పటికీ సూళ్ళేదు. సెప్పప్పా, ఈ కడ్డీ ఏటి సేస్తాది?"

ఆ మాటతో నా ప్రాణం ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఇన్నేళ్ళూ కుళ్ళుకున్నది నేనొక్కదాన్నే కాదన్నమాట. దానికి లేనిది ఒకటి నా దగ్గరుంది. చెప్పడానికి ఎంతసేపు? నాన్న నా చెయ్యి వేయించడం, ఆయన అన్న మాట, ఆ పాత గుడ్డ, అన్నీ ఇల్లు చేరేలోపు దానివి కూడా అయిపోతాయి. రేపు కాఫీ షాపులో నిలబడి, మా నాన్న చెప్పేవారండీ అని ఎవరితోనో అంటుంది.

"ఏటీ లేదు," అన్నాను. "అందానికని ఏసినాను."

అది నమ్మింది. లేనిపోని సోకుకు పోయి బంగారంలాంటి గోడ పోగొట్టుకున్నానని జాలిపడి, నా భుజం మీద చెయ్యి కూడా వేసింది. వెయ్యనిచ్చాను. గోడ ఎలాగూ పోయింది. నాన్నను కూడా ఇచ్చేస్తానా?