గడియారం మాస్టారు రాసిన పరీక్ష

మా కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పే లెక్చరర్‌కి పిల్లలు పెట్టిన పేరు గడియారం మాస్టారు. గంట మోగగానే తరగతి తలుపు మూసేస్తాడు. అప్పటికి గడపలో ఒక కాలు పెట్టినవాడు ఆ కాలు వెనక్కి తీసుకోవలసిందే.

అలాంటి మనిషి చేతికి కాలేజీవారు ఆన్‌లైన్ పాఠాల వ్యవస్థ ఒకటి అప్పగించారు. మిగతా మేమంతా పాస్‌వర్డు మరిచిపోతూ, పాఠానికి బదులు మేనకోడలి పెళ్ళి ఫోటో ఎక్కిస్తూ నానా అవస్థలూ పడుతుంటే, ఆయన నెల తిరక్కుండా దాని ఆనుపానులన్నీ పట్టేశాడు. వీడియోలు ఎక్కించాడు. పరీక్షలూ అందులోనే పెట్టాడు. ఒక్కో లెక్కకు ఒక్క నిమిషం. అది దాటితే లెక్క దానంతటదే మూతపడుతుంది. వెనక్కి వెళ్ళడానికి లేదు. పక్కవాడిది చూసి కాపీ కొట్టకుండా ఎవరి అంకెలు వాళ్ళకే వస్తాయి. మూడుసార్లు రాయొచ్చు. మూడుసార్లూ తప్పితే హాల్‌టికెట్ ఆగిపోతుంది, పెద్దవాళ్ళు వచ్చి ప్రిన్సిపాల్‌ను కలవాలని వాళ్ళ ఫోనుకు కబురు వెళ్ళిపోతుంది. నడుమ ఏ మనిషినీ బతిమాలుకునే వీలు లేదు. ఆయనకు అన్నిటికంటే ముచ్చటేసింది అదే.

సగం తరగతి తప్పింది. వాళ్ళలో బళ్ళ షెడ్డు నడిపే ఒక మెకానిక్ గారమ్మాయి ఉంది. మెట్టు మెట్టుగా, ముత్యాల్లాంటి అంకెలతో లెక్క వేసే పిల్ల. గడువు ముగిసే రోజున స్టాఫ్‌రూమ్‌కి వచ్చి నిలబడింది.

"లెక్క వస్తుంది సార్. కాగితం మీద వేసి తలెత్తేసరికి మూసుకుపోతోంది."

"వచ్చినవాళ్ళకి నిమిషం ఎక్కువమ్మా."

"ఏడాది పోతే ఇక చదువు చాలంటున్నారు సార్ మా నాన్న. షెడ్డులో కూర్చోమంటున్నారు."

"అది ముందే ఆలోచించుకోవాల్సింది."

పిల్ల వెళ్ళిపోయాక నేను ఊరుకోలేక అడిగాను: "మీరెప్పుడైనా ఆ పరీక్ష రాసి చూశారా?"

"బాగుందండీ! వంటవాడు టోకెన్ తీసుకుని పంక్తిలో కూర్చుంటాడా?"

"రుచైనా చూస్తాడుగా!"

ఆ మాట ముల్లులా దిగినట్టుంది. ఆ మధ్యాహ్నం ఖాళీ కంప్యూటర్ గదిలో తలుపు గడియ వేసుకుని, తన పేరునే కొత్త విద్యార్థిగా చేర్చుకున్నాడు. పెద్దవాళ్ళ ఫోన్ నంబరు ఇవ్వనిదే కంప్యూటర్ ముందుకు కదలనంది. తన నంబరు ఇస్తే అది లెక్చరర్‌దని ఒప్పుకోలేదు. నోటికి వచ్చిన ఇంకో నంబరు తల్లిది. అదే టైపు చేశాడు.

లెక్కలు తనవే, కానీ అంకెలు కొత్తవి. మొదటిది సగంలో ఉండగానే మూసుకుపోయింది. రెండోదానికి కొట్టివేతలే మిగిలాయి. మూడోదానికి కలం కిందపడింది. తీసుకునేలోపు నాలుగోది వచ్చి కూర్చుంది. తప్పాడు. అలవాటు లేక అనుకుని మళ్ళీ రాశాడు. మళ్ళీ తప్పాడు. ఆఖరుసారి చొక్కా చేతులు మడిచి మరీ తప్పాడు.

అప్పుడైనా నిమిషాన్ని పెంచవచ్చు. కానీ మూతపడిన పరీక్షను తెరవాలంటే ప్రిన్సిపాల్‌కి కారణం చెప్పాలి. ఏమని చెప్పడం? కంప్యూటర్ కట్టేసి, మొహం కడుక్కుని ఇంటికి వెళ్ళాడు.

మర్నాడు ప్రిన్సిపాల్ గది బయట బెంచీ మీద పెద్దవాళ్ళు బారులు తీరారు. హాల్‌టికెట్ల కట్టతో నేనూ, ఆయనా లోపలికి వెళుతూ ఇద్దరం ఒకేసారి చూశాం. మెకానిక్ పక్కనే, ఒళ్ళో సంచీతో, మాస్టారి తల్లి!

"అమ్మా, నువ్వేంటిక్కడ?"

"నువ్వు తప్పావట కదరా. రమ్మని ఫోనుకొచ్చింది. ఏడో క్లాసులోనూ ఇంతే, నాకు చెప్పకుండా దాచావు."

"నెమ్మదిగా అమ్మా! ఇంటికెళ్ళు, సాయంత్రం చెప్తా."

"పెద్దాయన రమ్మన్నాక వెళ్ళిపోతే మర్యాదేనా? నా వంతు ఈయన తర్వాతే."

లోపలికి ముందుగా మెకానిక్‌నీ, కూతురినీ పిలిచారు. మెకానిక్ ఎంత కడిగినా గోళ్ళలో నలుపు పోని చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. పిల్ల నేల చూపులు చూస్తోంది.

ప్రిన్సిపాల్ కళ్ళద్దాలు తీశాడు. "నిమిషం చాలట్లేదంటున్నారు అందరూ. మాస్టారూ, మీరు చెప్పండి. చాలుతుందంటే ఈ హాల్‌టికెట్లు ఆగిపోతాయి. చాలుతుందా?"

గడియారం మాస్టారికి నోట్లో వెలక్కాయ పడింది. తలుపవతల తల్లి దగ్గు వినిపిస్తోంది. చాలుతుందని ఒక్క మాట అంటే పరువు నిలబడుతుంది. నిన్నటిదాకా పదిమందికి చెప్పిన మాటే. పిల్ల తలెత్తి ఆయన నోటివైపు చూసింది.

"చాలదు సార్."

"నిన్న చాలుతుందన్నారే?"

"నిన్న... నేను రాశాను సార్."

"ఎన్నొచ్చాయి?"

"తప్పాను సార్. మూడుసార్లూ."

నవ్వు పెదవి దాటకుండా నేను హాల్‌టికెట్లు లెక్కపెట్టుకుంటున్నట్టు నటించాను. మెకానిక్ మాత్రం నవ్వలేదు. జాలిగా మాస్టారి భుజం తట్టాడు. "బాధపడకండి సార్. మా అమ్మాయికీ అలాగే అయింది."

మాస్టారు ధైర్యంతో చెప్పాడో, తల్లి లోపలికి వచ్చి చెప్పేస్తుందన్న భయంతో చెప్పాడో ఇప్పటికీ తేలలేదు. నేను అడగలేదు.

ఆ మధ్యాహ్నమే పరీక్ష మళ్ళీ తెరిచారు. లెక్కకు ఐదు నిమిషాలు. "పేరు ఎక్కించారుగా, వీడిచేత కూడా రాయించండి బాబూ" అని తల్లి పట్టుబట్టింది. ప్రిన్సిపాల్ మొహం పక్కకు తిప్పుకుని సరేనన్నాడు.

అందరికంటే ముందు మెకానిక్ గారమ్మాయి లేచింది. తెర మీద పాసైనట్టు వచ్చిందాన్ని రెండుసార్లు చదువుకుని, హాల్‌టికెట్ అందుకుని, బయట వరండాలో తండ్రి చేతిలో పెట్టింది. ఆయన మసి అంటుతుందని దాన్ని అంచు పట్టుకుని చూసుకున్నాడు.

పక్కనే కూర్చున్న పెద్దావిడ ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. "మావాడిది అయిందా తల్లీ?"

"ఇంకా రాస్తున్నారండీ."