కండెకొక చిటికె

అరచేతిలో సున్నంతో నలిపిన పొగాకును ఇంకోసారి తట్టి పెదవి కింద పెట్టుకున్నాడు బస్సులో ముందు సీటాయన. ఆ సున్నం ఘాటు ముక్కుకు తగలగానే నా బొటనవేలు, చూపుడువేలు వాటంతట అవే చిటికె పట్టినట్టు దగ్గరికొచ్చాయి. ఆదోనిలో నాయనను డాక్టరుకు చూపించి ఎమ్మిగనూరుకు తిరిగొస్తున్నాం. మూతికి టవలు అడ్డం పెట్టుకుని నాయన నిద్రపోతున్నాడు.

నా చిన్నప్పుడు మా ఇంట్లో గుంత మగ్గం ఉండేది. ఎండాకాలం బయట బండలు కాలుతున్నా నాయన కాళ్ళు పెట్టుకునే ఆ గుంతలో మట్టి చల్లగా ఉండేది. ఉగాదికి అమ్మ పెనం మీద కాల్చిన బెల్లం ఓళిగల నెయ్యి, కొత్త నూలు, పొగాకు, అన్నీ కలిసి ఇల్లంతా ఒకటే వాసన. రాట్నం మీద కండెలకు నూలు చుట్టడం నా పని. ఒక కండె అయిపోగానే, ఇంకోటి దారాల మధ్య అటూ ఇటూ పరిగెత్తే నాడెలో వేసుకునే ముందు నాయన ఒక చిటికె పొగాకు వేసుకునేవాడు. ఆయన లేచే పని లేకుండా నేనే ప్రతి కండె పక్కనా ఒక చిటికె పెట్టేదాన్ని.

"మా పాప ఉంటే నేను నోరు తెరిచి అడిగే పనే లేదప్పా" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. ఆ మాటకు ఉబ్బిపోయి ఇంకొంచెం పెద్ద చిటికె పెట్టేదాన్ని.

నేను ఐదో తరగతిలో ఉండగా నాయన నోట్లో తెల్ల మచ్చ వచ్చింది. పొగాకు మానాల్సిందేనన్నాడు డాక్టరు. అమ్మ ఆయన్ని ఆలూరులో మేనత్త వాళ్ళ చేనికి, శెనక్కాయలు పీకే పనికి పంపింది. అక్కడ పది రోజులూ పొగాకు ఊసే ఎత్తలేదట. తిరిగొచ్చి మగ్గంలో కూర్చున్నాడు. మొదటి కండె అయిపోయింది. కళ్ళు బట్ట మీదే ఉన్నాయి, చెయ్యి మాత్రం నా వైపు చాపాడు.

"యాందుకు నాయనా?"

"నేను అడగలేదు పాపా. చెయ్యే వస్తాంది" అని నవ్వి కండె తీసుకున్నాడు.

రెండో కండెకూ అంతే. మూడోసారి ఆ ఖాళీ చెయ్యి అట్లే చాపి ఉంచాడు. చూడలేక, అమ్మ బియ్యం డబ్బాలో దాచిన పొట్లం తెచ్చి చిటికె పెట్టాను.

"మీ అమ్మకు సెప్పొద్దు" అన్నాడు. చెప్పలేదు.

ఏళ్ళు గడిచి ఆ మచ్చ క్యాన్సరైంది. ఇప్పుడు మగ్గం లేదు, గుంత పూడ్చి బండలు పరిచాం. నాయనకు ఎడమ దవడా లేదు. ఈ పొద్దు ఆసుపత్రిలో నర్సమ్మ చెప్పింది, పొగాకు వేసుకున్న ప్రతిసారీ ఆ వేళకు పక్కన ఏముందో కూడా మెదడు నేర్చుకుంటుందట; తర్వాత అది కనబడితే చాలు, మనిషి వద్దనుకున్నా చెయ్యి పొగాకు కోసం పోతుందట. చిటికెను కండెకు ముడేసింది నేనే కదా.

ఇంటికొచ్చాక ఆ మాటే నాయనతో అన్నాను.

"నువ్వు పెట్టకుంటే నేనే లేసి తీసుకునేటోన్ని లేమ్మే" అన్నాడు, సగం మాటలు గాలిగా పోతుంటే. "బువ్వ తిన్యావా?"

మరుసటి పొద్దున నేను పనిచేసే బట్టల షాపుకు ఫోన్ చేసి ఆ రోజు రానని చెప్పి, చెంచాతో ఆయనకు గంజి పట్టాను. ఒక గ్లాసుకు ముప్పావు గంట పట్టింది.