మొగలిపొద లేని ఒడ్డు

జాబేజ్ అన్నయ్య రైల్వేలో పెయింటరు. హౌరా పక్కన సంత్రాగాఛి యార్డులో వ్యాగన్ల మీద అక్షరాలూ అంకెలూ వేసి రిటైరయ్యాడు. కానీ మా తెలుగు చర్చిలో ఆయన పేరు మోగింది తెరల వల్ల. క్రిస్మస్ నాటకానికి వెనక కట్టే సృష్టి తెరను ఏటా ఆయనే కొత్తగా వేసేవాడు. సండే స్కూల్లో నేను చెప్పే వరసే ఆయనదీ. ముందు వెలుగు, తర్వాత ఆకాశం, మూడో దినం నేలా మొక్కలూ, అయిదో దినం చేపలూ పక్షులూ. ఆ వరస తప్పి కుంచె ముంచడం ఆయనకు తెలియదు.

మూడో దినం మొక్కల్లో ఎక్కడో ఒకచోట చిన్న మొగలిపొద ఉండేది. భీమిలి అవతల జూలియా వదిన పుట్టిన ఊళ్లో, సముద్రపు గాలికి ఎడమ పక్కకి వాలిపోయిన పొద అది. దాన్ని ఏటా కొత్త చోట దాచేవాడు. వదిన ముందు బెంచీలో నా పక్కన కూర్చుని, నాటకం సంగతి వదిలేసి, దాన్నే వెతుక్కునేది. దొరకగానే నా మోచేయి గిల్లేది. ఇంత వయసొచ్చాక ఇదేం సరసమని నేను ఏడిపిస్తే మొగుడూ పెళ్లాలిద్దరూ సిగ్గులేకుండా నవ్వేవాళ్లు.

వదిన పోయాక అన్నయ్య కుంచెలన్నీ డబ్బాలో పడేసి మూత పెట్టాడు. ఆ తర్వాత క్రిస్మస్‌లకు పాత తెరే కట్టాం. పాస్టరు గారు బతిమాలినా, ఎదురింటిదాన్ని కదా అని నేను రోజూ సతాయించినా కదల్లేదు.

"సూసీవోళ్లు నేరు మేరీరాణీ. ఎవులి కోసం ఎయ్యాల?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. చర్చినిండా ఉన్న మేమంతా గుడ్డివాళ్లమా?

పోయిన క్రిస్మస్‌కి విజయ కుమారి అనే అమ్మాయి మా చర్చికొచ్చింది. ఊరు హైదరాబాదు. గంగకి అవతల ఒక కాలేజీలో శిలాజాల పాఠం చెబుతుంది. ఆ పాత తెర చూసి, తమ శిలాజాల గదిలో రెండు గోడల మీద పూర్వకాలపు సముద్రం బొమ్మలు వెయ్యమని అన్నయ్యని అడిగింది. తన వల్ల కాదన్నాడు. ఆమె లేచి వెళ్లబోతుంటే మాత్రం "ఒడ్డుంటాదా?" అన్నాడు. ఉంటుందంది. మర్నాడు డబ్బా మూత తీశాడు. ఎందుకో నాకు వెంటనే అర్థమైంది. మళ్లీ ఆ పొద వెయ్యడానికి ఆయనకు చోటు దొరికింది.

కాలేజీలో విజయ కుమారి ట్రైలోబైట్ అచ్చులున్న రాళ్లు చూపించింది. అప్పటి సముద్రాల్లో పాకిన జంతువట. "రొయ్యకీ పురుగుకీ పుట్టినట్టున్నాది" అని అన్నయ్య ఇంటికొచ్చి చెప్పాడు. ఆమె తన కాలేజీ పిల్లలతో రాళ్ల కోసం వేరే ఊరు వెళ్లింది. ఈయన తన అలవాటు వరసలో పని మొదలుపెట్టాడు. ఆకాశం వేశాడు. ఒడ్డు వేశాడు. ఒడ్డు నిండా పచ్చగా గడ్డీ మొక్కలూ, వాటి మధ్య ఎడమకి వాలిన మొగలిపొదా వేశాడు. సముద్రం ఇంకా ఖాళీగానే ఉంది, అయిదో దినం రాలేదు కదా!

ఆమె తిరిగొచ్చి గోడంతా చూసిందట. ఆ తర్వాత, "జాబేజ్ గారూ, చాలా బాగా వేశారు. కానీ ఈ పచ్చదనమంతా తీసెయ్యాలండీ" అంది.

"ఏటమ్మా?"

"ఇది యాభై కోట్ల ఏళ్ల కిందటి సముద్రం. అప్పటికి జంతువులన్నీ నీళ్లలోనే ఉన్నాయి. నేల మీద గడ్డిపరక కూడా లేదు, ఉత్త బండలే."

"మొక్కలు ముందు, నీళ్లలోవి తరవాత గదమ్మా?"

"మీ తెర మీద ఆ వరసే ఉంచుకోండి. ఈ రాళ్లలో కనిపించే వరస వేరు. ఈ గోడ మీద అదే ఉండాలి."

"మిగతాదంతా తీసెత్తాను. ఆ ఒక్క పొదా ఒగ్గీండి."

"లేనిదాన్ని ఎలా ఉంచనండీ? పిల్లలు చూసిందే నమ్ముతారు."

అన్నయ్య ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. కుంచెలు తెచ్చేసుకుంటానన్నాడు. మర్నాడు ఆయనతో నేనూ బయల్దేరాను, ఆ అమ్మాయిని నాలుగు దులుపుదామని. హౌరా దాకా లోకల్, అక్కణ్ణించి లాంచి. దారంతా దులపాల్సిన మాటలు కూర్చుకున్నాను. తీరా ఆమె ఎదురుపడగానే నా నోటి నుంచి ఒకటే మాట వచ్చింది.

"ఆ పొద మా వదినదమ్మా."

వదిన సంగతంతా చెప్పాను. విజయ కుమారి అంతా వింది. పొద ఉండనిమ్మని మాత్రం అనలేదు. సొరుగు తీసి ఒక రాయి అన్నయ్య చేతిలో పెట్టింది. చొక్కా గుండీలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంది.

"ఇది తర్వాతి కాలానిది. అప్పటికి సముద్రంలో రకరకాల జీవులు పెరిగిపోయాయి. ఇది సముద్రపు లిల్లీ కాడ. చూడ్డానికి మొక్కే, కానీ జంతువు. కాడ మీద నిలబడి, ఆకుల్లాంటి చేతులు చాపి నీళ్లలో తిండి పట్టుకునేది. రెండో గోడ వీటి కోసమే ఉంచాను."

అన్నయ్య రాయిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నిటారుగా నిల్చునీదా, వాలీదా?"

"నీటి ఒరవడి ఎటుంటే అటు వాలేది."

ఆయన రాయిని నా చేతికిచ్చాడు. రేకు ముక్క తీసుకుని పొదని తనే గీకేశాడు. పెచ్చులు రాలుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఆయన ఏడవలేదు.

గది తెరిచిన రోజు నన్ను తీసుకెళ్లాడు. మొదటి గోడ మీద ఒడ్డంతా బోసి బండలు, కింద నీళ్లలో పాకే ట్రైలోబైట్లు. రెండో గోడ మీద సముద్రపు లిల్లీలు గుంపులు గుంపులుగా ఉన్నాయి. అన్నీ ఎడమ పక్కకే వాలాయి. ఒక్క పొద వద్దంటే ఈయన ఏకంగా తోటే వేశాడు!

"వదినుంటే ముందు ఒడ్డు మీద వెతికేది" అన్నాను.

"ఎతికి, నేదని నన్ను తిట్టీది. తరవాత నీళ్లలో సూసీది" అన్నాడు.

నేను ఆయన మోచేయి గిల్లాను.