పొట్టేలు మోచేతి చిప్ప

పరిణామ సిద్ధాంతాన్ని తిట్టి దాని పరువు తీయాలనుకున్నవాళ్లు చాలామందే ఉన్నారట. దాన్ని మెచ్చుకుంటూ పావుగంటలో ఆ పని పూర్తిచేసినవాణ్ణి మాత్రం నేనే. నవ్వుకోండి, నాకేం బాధ లేదు.

అవి తెల్లదొరల రోజులు. కర్నూలులో ఒక హైస్కూల్లో సైన్సు మేష్టరుగా కొత్తగా చేరాను. ఇన్‌స్పెక్టరు నా పాఠం విని బాగుందంటేనే ఉద్యోగం ఖాయం. మనిషి చెయ్యి, గబ్బిలం రెక్క, పొట్టేలు ముందుకాలు ఒకే కట్టడమనీ, వాటన్నిటికీ మూలం ఒకే పూర్వజీవి అనడానికి అదే సాక్ష్యమనీ చదివినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. ఆ పాఠమే చెప్పాలనుకున్నాను, అదీ అసలు ఎముకలతో.

చిక్కల్లా ఒకటే. మా ఇంట్లో ఏడు తరాలుగా నమిలి పారేసినది మునక్కాయ ఒక్కటే.

బడి బంట్రోతు ఖాదర్ సాబు పొట్టేలు ముందుకాలు ఒకటి, వెనకకాలు ఒకటి ఉడకబెట్టి, ఎముకలు శుభ్రంగా కడిగి సంచుల్లో తెచ్చాడు.

"యేది ముందుదో యేది యెనకదో చెప్తా ఉండు సామీ."

"అక్కర్లేదులే ఖాదరూ, పుస్తకముండాది గదా."

"పుస్తకం రాసినాయప్ప పొట్టేలును కోసినాడా?"

"నువ్వు పోప్పా."

చూడ్డానికి బలంగా ఉన్నదే ముందుకాలనుకుని, బొమ్మ ప్రకారం బల్లమీద పేర్చాను. అన్నీ కుదిరాయి. చివరికి వక్కకంటే కాస్త పెద్ద ఎముకొకటి మిగిలిపోయింది. బొమ్మలో దానికి చోటే లేదు. బుద్ధిమంతుడైతే అనుమానపడేవాడు. నేను సిద్ధాంతం కట్టాను.

మర్నాడు ఇన్‌స్పెక్టరు దాన్నే వేలితో చూపించాడు. "ఇదేమిటయ్యా?"

"పొట్టేలు మోచేతి చిప్పండీ. మనిషికీ ఒకప్పుడుండేది. తరతరాలుగా బల్లలకు మోచేతులు ఆనించి చదవడం వల్ల అరిగిపోయింది."

ఆయనా మునక్కాయల వంశమే. శ్రద్ధగా రాసుకున్నాడు. క్లాసంతా నోళ్లు మూసుకుని కిసకిసలాడుతోంది. గుమ్మం దగ్గర ఖాదర్ దగ్గాడు.

"సామీ, అది మోకాలి చిప్ప. మీరు పెట్టింది యెనకకాలు."

"నీకెట్లా తెలుసు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"వారానికొక తూరి తింటాము సార్. ఈ పిలకాయల్లో శానామందికి తెల్సు."

"మరి ఎవరూ చెప్పలేదేం?"

"అయ్యవారు అంత బాగా చెప్తాంటే అడ్డమొచ్చేకి మనసు రాలేదు సార్."

రెండో సంచి విప్పి ముందుకాలు తనే పేర్చాడు. పైన విసనకర్రలాంటి పలుచని ఎముక. నా చెయ్యి దానంతటదే నా వీపు మీద రెక్క ఎముక దగ్గరికి పోయింది. ఉంది, నాకూ ఉంది! సిగ్గూ ఉద్యోగమూ రెండూ మరిచిపోయాను.

"చూడు ఖాదరూ, మనం పొట్టేలు ముందు మోకాలనుకునేది దాని మణికట్టు."

"అంటే చేతులమీద నడుస్తాండాదా సామీ?"

"వేళ్ల కొసల మీద."

ఖాదర్ మునివేళ్లు బల్లకు ఆనించి నాలుగడుగులు నడిపించి చూశాడు. ఇన్‌స్పెక్టరు కోటు పక్కకు తోసి భుజం తడుముకుంటున్నాడు. అంత సంతోషం నాకు ఏ పాఠంలోనూ కలగలేదు.

వారానికి రిపోర్టు వచ్చింది. "పాఠం అద్భుతం. చెప్పినది బంట్రోతు. మేష్టరును మరో ఏడాది చూడవలెను."

"దిగులు పడొద్దు సామీ," అన్నాడు ఖాదర్, "వచ్చే యేడు కోడిని తెస్తా. దాంతోనన్నా మీకు ఖాయమైతాది."

అప్పుడే తుంగభద్రలో మొలలోతు దిగి, దోసిట నీళ్లు పట్టి ప్రమాణం చేశాను: ఇకమీదట ఏ జీవి ఎముక గురించి నోరు విప్పాలన్నా, ముందు దాన్ని తిన్నవాళ్ల అనుమతి తీసుకుంటాను.