ఆయన వాటా బియ్యం

మొన్న రంజాన్ చివర్లో మా అమ్మాయి ఫోన్లోనే ఫిత్రా కట్టేసి, ఖలాస్ అమ్మా అంది. పండగ నమాజుకు ముందు ఇంట్లో తలకింతని పేదలకిచ్చే ధాన్యం అది. అల్లా దయ, ఇవ్వగలుగుతున్నాం, అదే చాలనుకున్నాను గానీ, మనసు మాత్రం గల్ఫ్‌లో, మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో నేను పనిచేసిన స్పెయిన్ వాళ్ళ వంటింటికి వెళ్ళిపోయింది.

నేను బడికి పోలేదు. చదువైనా కొలతైనా నెల్లూరు దగ్గర మా ఇంట్లో నానీ, అంటే అమ్మమ్మ, నేర్పిందే. రెండు చేతులూ కలిపిన దోసిలి ఒక ముద్, నాలుగు ముద్‌లు ఒక మనిషి ఫిత్రా. నేనలా కొలుస్తుంటే చూసి, ఆ ఇంటి పెద్ద మేడం, అంటే యజమాని తల్లి, ఒక చెక్కపెట్టె తెచ్చింది. వాళ్ళ నాన్న గోధుమలు కొలిచినదట, అల్ముద్ అంటారట, అరబ్బుల కాలం నాటి మాటేనట. అలాంటివి పన్నెండైతే ఫనేగా, అంత విత్తనం పట్టే నేలనూ ఫనేగా అనే అంటారని ఆమె చెబుతుంటే, మా చేనును తూమెడు విత్తనాల చేను అనే మా నాన్న గుర్తొచ్చి ఎంత సంతోషపడ్డానో. నీ దోసిలి పిచ్చుకగూడంత ఉందే కూతురా, పేదవాళ్ళేం తింటారు అని పెద్ద మేడం ఎగతాళి చేసేది.

కరోనా వచ్చిన ఏడాది, మఫ్రఖ్ లేబర్ క్యాంపులో ఉంటూ డ్రైవరు పని చేసే మా ఆయన జ్వరంతో ఆసుపత్రిలో చేరాడు. చూడనివ్వలేదు. పండగ ముందురోజు పొద్దున్నే ఆయనకీ, నాకూ, ఊళ్ళో ఉన్న అమ్మాయికీ దుప్పటి మీద మూడు కుప్పలు కొలిచాను, ఆయన కుప్పకు కావాలనే దోసిళ్ళు నిండుగా పట్టాను. మధ్యాహ్నం ఫోనొచ్చింది, పోయాడని.

ఆ రోజు పొద్దు గూకక ముందే పోయినవాళ్ళకు ఫిత్రా ఉండదని నానీ చెప్పేది. ఆ కుప్ప తిరిగి డబ్బాలో పోసేయాలి. చేతులు రాలేదు, పోస్తే ఆయన నిజంగా లేనట్టే కదా. వచ్చీరాని ఇంగ్లీషులో పెద్ద మేడంకు చెప్పుకుని ఏడ్చాను. ఆమె ఆ కుప్పను తనే ఎత్తి డబ్బాలో పోసి, తన పెట్టెను తన బియ్యంతో పొర్లేలా నింపి, ఖాళీ అయిన చోట పెట్టింది.

“ఇది నేనిస్తున్నాను, మీ లెక్కలోకి రాదు. ఆయన పేరున ఎవరో ఒకరు తిననీ.”

పోయాక కూడా ఆయన్ని చూడనివ్వలేదు. పేదల కోసం ఆ బియ్యం సంచి వాచ్‌మన్ భుజాన గేటు దాటడమే నాకు దక్కిన చివరిచూపు.

పెద్ద మేడం తర్వాత వాళ్ళ దేశం వెళ్ళిపోయింది, ఎక్కడున్నా అల్లా ఆమెను చల్లగా చూడాలి. ఇప్పుడన్నీ సీలు వేసిన సంచులే, బరువు వాటిమీదే రాసి ఉంటుంది, తక్కువ పడుతుందన్న భయం లేదు. కానీ మన కాలంలో ఒకరి వాటా కొలుస్తున్నంతసేపూ, ఆ మనిషి మన దోసిట్లోనే ఉన్నట్టుండేది.