చీటీలో తొమ్మిది, జాకెట్టుకు ఏడు

కరోనా తగ్గి పెళ్లిళ్లు, స్టేజీ ప్రోగ్రాములు మళ్లీ ఊపందుకున్న ఏడాది సంగతి ఇది. ప్రొద్దుటూరులో మా కుట్టు అంగడి ఒకే గది. ఎడమ మిషను మీద మా ఆయన మగవాళ్ల బట్టలు కుడతాడు. కుడి మిషను మీద నేను జాకెట్లు కుడతాను. ఇరవై ఏళ్లు దాటినా నా కత్తెర గీత తప్పలేదని నాకు కొంచెం పొగరు కూడా ఉండేది.

ఆ వేసవిలో జమ్మలమడుగు నుంచి సువార్త వచ్చింది. బడిపంతులు కూతురు, చర్చిలో పాడి గొంతు సాధన చేసిన పిల్ల. భాస్కర్ అనే అబ్బాయితో కలిసి స్టేజీల మీద సినిమా పాటలు పాడేది. మా వైపు వాళ్ల వీడియోలు చూడని ఫోను లేదు. పులివెందుల ప్రోగ్రాముకు ఇద్దరికీ ఒకే రంగు బట్టలు కావాలన్నారు. అతనికి రొమ్ము సగం కనిపించే నెట్ షర్టు. ఆమెకు డీప్ బ్యాక్ జాకెట్టు, అంటే వీపు వైపు మెడ బాగా కిందికి దిగేది.

"తొమ్మిదించులు అక్కా. నేను చెప్పినంతే పెట్టు" అంది సువార్త. "పోయినసారి ఇద్దరం ఒకే మాదిరి ఏసుకున్యాం. వీడియో కింద వానికేమో హీరో మాదిరి ఉండావు మామా అని రాసినారు. నాకు రాసినవి మా నాయిన సదివినాడు. రెండు నెలలు పాడనీలే. ఈసారి ఎట్లనో ఒప్పిచ్చినా. భయపడి ఇప్పుడు కప్పుకుంటే ఇంగ ఎప్పుటికీ కప్పుకోవాల్సిందే."

చీటీలో తొమ్మిది అని రాసి, కింద గీత కూడా గీశాను.

ఆమె జాకెట్టు ఇక్కడే కుట్టిస్తున్నానంటూ మా అంగడి బోర్డు, దాని మీది ఫోను నంబరు కనిపించేలా ఒక వీడియో పెట్టింది. మర్నాటి నుంచి నాకు ఫోన్లు మొదలయ్యాయి. తిట్లు కావు. తిట్టి ఉంటే నేనూ నాలుగు తిట్టేసి ఊరుకునేదాన్ని. మెత్తగా, మర్యాదగా, ఇంట్లో మనుషుల మాదిరి అడిగేవాళ్లు. "అమ్మా, ఆ పాప జాకెట్టుకు వీపు ఎన్నించులు పెడతాండావు?" ఒకసారి మగ గొంతు, ఒకసారి ముసలావిడ గొంతు. ప్రశ్న మాత్రం మాట మారకుండా అదే. అందరూ ఒకే గదిలో కూర్చుని ఫోను చేతులు మార్చుకుంటున్నారేమో అనిపించేది.

ఒకాయన్ని నేనే అడిగాను. "ఆ పిల్లోని షర్టు కత ఏంది? దాని గురించి అడగవేం?"

"అది మగోంది గదమ్మా" అని పెట్టేశాడు.

మా ఆయన ఆ షర్టును ఈల వేసుకుంటూ ఒక్క పూటలో కుట్టేశాడు. నేను జాకెట్టు కుట్టి, మెడ అంచుకు సన్నటి గుడ్డ పట్టీ, అదే పైపింగ్, వేసి టేపు పెట్టి చూశాను. ఏడు. టేపు సాగిందేమోనని కొత్తది తెచ్చాను. ఏడే. చీటీ తీశాను. తొమ్మిది, కింద గీత.

"నువ్వేమన్నా ముట్టినావా?" అని మా ఆయన మీద ఎగిరాను.

"నాకేం పని మే? జాకెట్టు నేనెప్పుడన్నా కోసినానా?"

గుడ్డ మిగిలి ఉంది. మళ్లీ పరిచాను. తొమ్మిది దగ్గర చాక్‌పీసుతో గీత గీశాను. పట్టపగలు, అంగడి నిండా వెలుతురు. కత్తెర కదుపుతుంటే పక్క మిషను చప్పుడు ఆగింది.

"గీత ఆడుంటే నువ్వు ఈడ కోస్తాండావేంది?" అన్నాడు మా ఆయన, నిమ్మళంగా.

చూసుకున్నాను. కత్తెర గీతకు రెండించులు పైన నడుస్తోంది. చెయ్యి నాదే. ఆపాలనుకున్న తర్వాత కూడా ఇంకాస్త దూరం కోసింది. ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

మొదట కుట్టిన జాకెట్టును సరిచేయాల్సింది. చేయలేదు. రెండించులు ఎవరికి తెలుస్తాయిలే, పిల్లకూ మంచిదేలే అనుకున్నాను. చేతి తప్పు ఎవరిదో నాకు తెలియదు గానీ ఈ తప్పు మాత్రం నాదే.

ప్రోగ్రాము రోజు పొద్దున సువార్త ట్రయల్‌కు వచ్చింది. జాకెట్టు వేసుకుని అద్దానికి వీపు తిప్పి, చేయి వెనక్కి పోనిచ్చి అంచును తడుముకుంది. ముఖంలో కళ పోయింది.

"అక్కా, నీగ్గూడా ఫోన్లు వచ్చినాయా?" అంది.

సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. "విప్పు పాపా" అన్నాను. పైపింగ్ ఊడదీశాను. ఈసారి నా చేతిని నేను నమ్మలేదు. గీత పొడవునా గుండుసూదులు గుచ్చి, వాటిని తాకుతూ కోశాను. సువార్త పక్కనే నిలబడి చివరి వరకూ చూసింది. పులివెందులలో ఆ జాకెట్టుతోనే పాడింది. రాసేవాళ్లు మళ్లీ రాశారు. ఈసారి ఆమె పాడడం మానలేదు.

ఆ సాయంత్రమే కొక్కేలకు వేలాడుతున్న జాకెట్లన్నీ దించి కొలిచాను. చీటీలో ఎనిమిది, జాకెట్టుకు ఆరు. చీటీలో పది, జాకెట్టుకు ఎనిమిది. ఇంటికి పోయి పెట్టె తెరిచాను. అందులో మా కూతురి పెళ్లి జాకెట్టు ఉంది. పదకొండేళ్ల కిందట ఏడు పెట్టమ్మా అని అడిగి, నేను కుట్టిచ్చినదాన్ని ఒక్క మాట అనకుండా వేసుకుంది. టేపు పెట్టాను. ఐదు.

అది కుట్టినప్పుడు నాకు ఎవరూ ఫోను చేయలేదు.

సువార్త జాకెట్టు తర్వాత ఏ మెడ కోసినా కుట్టే ముందు ఇంకోసారి టేపు పెట్టడం నేర్చుకున్నాను. ఇప్పటికీ కొన్ని రోజులు మెడ రెండించులు తక్కువే వస్తుంది. అప్పుడు గుండుసూదుల డబ్బా తీస్తాను.