పూజగదిలో నీళ్ళ మిషను

ఇవాళ కూడా ఆ గది గుమ్మం దగ్గర నాకు తెలియకుండానే చెప్పులు విడిచేశాను. "అమ్మా, జర ఏసుకోండ్రి. లోపల తడి ఉంది. జారి పడితే మీకు గూడ బెడ్డు చూడాలె" అని నీళ్ళ మిషను చూసే అమ్మాయి నవ్వింది. అది డయాలసిస్ సెంటరు. మావారికి రక్తం శుభ్రం చేయడానికి వాడే నీళ్ళు ఆ గదిలోనే తయారవుతాయి. గోదావరి జిల్లా నుంచి వచ్చి మదీనాగూడలో మేము మొదట కిరాయికి దిగిన ఇల్లూ అదే. ఆ గది అప్పట్లో నా పూజగది. గోడలో దీపం గూడు అలాగే ఉంది, అందులో గ్లవ్స్ డబ్బా పెట్టుకున్నారు. చూస్తే బాధ కలగాలేమో, కలగలేదు. మావారి మంచం సరిగ్గా వంటగట్టు ఉన్న చోట పడింది. "నువ్వు పప్పు మాడ్చిన చోటే నన్ను పడుకోబెట్టారు చూడు" అంటారాయన. నవ్వాలని గుర్తొచ్చి నవ్వుతాను.

ఈ సెంటరు రాకముందు ఊరి అవతలి ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళం. పోనూ రానూ నాలుగు గంటలు ట్రాఫిక్కులోనే. ఆయన పిండేసిన బట్టలా తిరిగొచ్చేవారు. ఇక మానేద్దామని కూడా ఒకసారి అన్నారు. అప్పుడే మా పాత ఓనరమ్మ, బిల్డర్లు ఎంత వెంటపడినా "మంచిగున్న ఇల్లు కూలగొట్టుడేంది?" అని, డయాలసిస్ సెంటరు పెడతానన్న డాక్టరుకు ఇల్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. తీరా మున్సిపల్ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. చదివిపెట్టమని ఓనరమ్మ నా దగ్గరికే తెచ్చింది. నేను బడికి వెళ్ళలేదు, నాది అమ్మ వంట చేస్తూ నేర్పిన చదువు. సందు ఇరుకు, ఇక్కడ ఆసుపత్రి కుదరదని ఉంది. అర్థం మారుతుందేమోనని మూడుసార్లు చదివాను.

ఓనరమ్మ ఊరుకోలేదు. ఆ ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి, ఆఫీసరు గారినే ఇంటికి రప్పించింది. "ఈమెనే అడుగు సారూ, గిక్కడనే ఉండె" అని నన్ను ముందుకు తోసింది. "మీరున్నప్పుడు ఎప్పుడైనా అంబులెన్సు వచ్చిందా అమ్మా?" అన్నారాయన. అబద్ధం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. "మా అత్తగారికి వచ్చిందండి. ఇక్కడ తిప్పుకోవడానికి చోటు లేదని వీధి చివరే ఆపేశారు. మంచం మీద మోసుకెళ్ళాం. ఆవిడ దక్కలేదు" అన్నాను. "గిదంత ఇప్పుడెందుకు బిడ్డా!" అని ఓనరమ్మ నా చెయ్యి గిల్లింది. మావారి దారి నా నోటితో నేనే మూసేశాననుకున్నాను. ఏడుపు కూడా రాలేదు.

ఆఫీసరు గారు కాంపౌండు గోడ దాకా వెళ్ళి చూశారు. "సందు వెడల్పు మీరు పెంచలేరు. ఈ గోడ తీసేయగలరు కదా? బండి వాకిట్లోకే వచ్చి తిరుగుతుంది. ఇల్లు వద్దనడం దేనికి?" అని, అదే షరతుగా రాసి అనుమతి ఇప్పించారు. వారం తిరగకుండా ఓనరమ్మ గోడ తీయించింది.

ఇప్పుడు బండి మెట్ల దాకా వస్తుంది. మావారు దిగగానే దేవుడికి, ఓనరమ్మకు, పేరు తెలియని ఆ ఆఫీసరుకు మనసులో దండం పెట్టుకుంటాను. లోపల ఏమీ కదలదు, అయినా పెట్టుకుంటాను. అత్తగారికి వీధి చివర చాలకపోయిన నిమిషాలు, ఇన్నేళ్ళకు వచ్చి మావారికి రోజులై అందుతున్నాయి.